కూల్ కేకు బేకరీకే వదిలేద్దాం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి ఎల్బీ నగర్ వైపు ఏ కాలనీలోకి మళ్లినా సందు మొగలో ఒక బేకరీ ఉంటుంది. పై అరలో ఎగ్ పఫ్, కర్రీ పఫ్, దిల్‌పసంద్. కింద అద్దాల ఫ్రిజ్‌లో అరకిలో, కిలో కూల్ కేకులు వరసగా. హాస్టళ్ల కుర్రకారు అర్ధరాత్రి పుట్టినరోజులకు, కాలనీ కుటుంబాలు పెళ్లిరోజులకు వాటినే పట్టుకెళతారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, ఆ పని బేకరీవాళ్లకు బాగా చేతనవును. చిక్కల్లా ఇంట్లో ఓటీజీ కొన్నవాళ్లు కూడా ఆ ఫ్రిజ్‌లో కనబడినదాన్నే చేసి తీరాలని పంతం పట్టడంతో వస్తోంది. తిరిగే స్టాండు, క్రీమ్ పిండే కోన్లు, ప్రీమిక్స్ ప్యాకెట్టు, రంగు సీసాలు, విప్పింగ్ క్రీమ్ డబ్బా అన్నీ కొంటారు. మే నెలలో ఆ క్రీమ్ గిన్నెలోనే నీరుగారిపోతుంది. కొన్నాళ్లకు ఓటీజీ అటకెక్కుతుంది. కేకులు మనింట్లో కుదరవని తీర్మానం అయిపోతుంది. కుదరనిది కేకు కాదు, ఎంచుకున్న రకం. గుమ్మడి గుజ్జో అరటిపండో, బెల్లం, దాల్చినచెక్క, శొంఠి వేసి వంట సోడాతో పొంగించే లోఫ్ కేకు, దాని మీద నిమ్మ, బత్తాయిల ఐసింగ్. మన ఇళ్లలో ఓవెన్‌కు తగిన మొదటి పని ఇదేనని నా వాదన. మన వంటింటికి, మన బజారుకు, మన ఎండకు సరిపోయేది ఇదే.

ఇది పరాయి వంట కదా అనేవాళ్లకు జవాబు పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర దొరుకుతుంది. మైసూర్ బోండా పిండిలో పడేవేమిటి? మైదా, పులిసిన పెరుగు, వంట సోడా, ఉప్పు, జీలకర్ర, అల్లం. పెరుగులోని పులుపు సోడాకు తగలగానే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ బుడగలను పిండి పట్టి ఉంచుతుంది, వేడి తగిలాక అవి ఉబ్బి అలాగే గట్టిపడతాయి. ఈస్ట్ లేదు, రాత్రంతా పులియబెట్టడం లేదు. ఇంగ్లీషు వంటల పుస్తకాలు క్విక్ బ్రెడ్ అనే పేరు కింద చేర్చే వంటలన్నిటికీ మూలసూత్రం అదే. బోండాను నూనెలో వేస్తాం, దీన్ని ఓవెన్‌లో పెడతాం. ఒక తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. బోండా పిండిని సాగేదాకా చేత్తో బాగా గిలకొడతారు. గిలకొట్టేకొద్దీ మైదాలోని గ్లూటెన్ బిగుస్తుంది, నూనెలో వేసిన బోండా గుండ్రంగా తేలడానికి ఆ సాగుడు కావాలి. లోఫ్ కేకుకు అదే శత్రువు. పొడి పిండి కనబడకుండా పోయేంత వరకు గరిటె తిప్పి ఆపేయాలి. అక్కడక్కడా చిన్న ఉండలున్నా ఫర్వాలేదు. ఇంకా తిప్పితే లోపల సొరంగాల్లాంటి కన్నాలు పడి, ముక్క రబ్బరులా సాగుతుంది. ఇంట్లో కేకు చెడిపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం శ్రద్ధ తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం.

సోడా విషయంలో కొలత తెలిస్తే వేరే వంటకాల పుస్తకం అక్కర్లేదు. అర చెంచా సోడా పూర్తిగా పనిచేయాలంటే సుమారు ఒక కప్పు పెరుగులో ఉండే పులుపు కావాలి. పెరుగు తగ్గిస్తే ఆ లోటును ఒక పెద్ద చెంచా నిమ్మరసం తీరుస్తుంది. కాబట్టి 200 గ్రాముల పిండికి ముప్పావు చెంచా సోడా వేస్తే అర కప్పు పెరుగు, పెద్ద చెంచా నిమ్మరసం లెక్క సరిపోతుంది. దీనికి 200 గ్రాముల గుమ్మడి గుజ్జు, 150 గ్రాముల బెల్లం, 80 మిల్లీలీటర్ల నూనె, చిటికెడు ఉప్పు. పులుపు చాలకపోతే మిగిలిపోయిన సోడా సబ్బు రుచి తెస్తుంది. సోడా ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి మన ఇంట్లోనే పరీక్ష ఉంది. పిండిలో కాస్త పసుపు పడితే, ఎక్కువైన సోడా దాన్ని ఎర్రబారుస్తుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ ఈ గుణం వల్లే. బేకింగ్ పౌడరంటే ఇదే సోడాకు పొడిరూపంలో ఆమ్లాన్ని ముందే జత చేసిన సరుకు, అంతకంటే మర్మం లేదు. సోడా, పెరుగు కలిసిన క్షణం నుంచీ బుడగలు తప్పించుకుపోతూనే ఉంటాయి కనుక ఓవెన్ ముందే 175 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. పిండి కలిపి, ఫోన్ మాట్లాడి వచ్చి, అప్పుడు స్విచ్ వేస్తే అందులో పొంగడానికి ఏమీ మిగలదు.

ఈ తరహా వంట పుట్టిందే తీరిక లేని ఇళ్లలో. 1796లో అమెరికాలో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో, కట్టె బూడిద నుంచి తీసిన పెర్ల్‌యాష్‌తో పిండిని పొంగించే పద్ధతి కనిపిస్తుంది. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు, భార్యకు ఈస్ట్ పడదని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆమెకు గుడ్డూ పడదు, అందుకని అంతకుముందే గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ చేశాడు. మన ఫ్రూట్ సలాడ్‌లో పోసే కస్టర్డ్ ఆ వంశానిదే. గుడ్డు లేకుండా కేకు ఎలాగని సందేహించే ఇళ్లకు ఈ సంగతి పనికొస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్‌లో పేద రైతులు మజ్జిగ, సోడా కలిపిన రొట్టెను ఇనప కుండలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాల్చుకున్నారు. గోదావరి జిల్లాల్లో దిబ్బ రొట్టెను కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చింది ఇదే పద్ధతిలో కదా. ఓవెన్ అనే డబ్బా మనకు కొత్త కావచ్చు, రెండు వైపుల నుంచీ వేడి అందించే ఉపాయం కొత్త కాదు. తాటి రొట్టె సంగతి ఇంకా దగ్గర. తాటిపండు గుజ్జు, బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి. పండు గుజ్జుతో, ధాన్యంతో, బెల్లంతో ముద్ద కలిపి మూతపెట్టి కాల్చి, ముక్కలు కోసుకుని తినే వంట తెలుగు నేలకు ఎప్పటినుంచో తెలుసు. అందులో సోడా వేయరు, అందుకే అది బరువుగా ఉంటుంది. ఆ బరువే దాని అందం అనేవాళ్లతో నాకు పేచీ లేదు.

పరాయి వంటను మన సరుకుతో చేస్తే అది నకిలీ అవుతుందన్న అభ్యంతరం, ఇది పరాయి వంట అన్న మాటకు సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అసలైన రుచి కావాలంటే బ్రౌన్ షుగర్, మేపుల్ సిరప్, డబ్బాలో వచ్చే గుమ్మడి ప్యూరీ, దిగుమతి మసాలా ఉండాలట. ఈ మాట చరిత్ర ముందు నిలవదు. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు 1883లో మర్డోక్ బ్రౌన్ అనే తోటల యజమాని కోసం తొలి క్రిస్మస్ కేకు కాల్చినప్పుడు, దొర చెప్పిన బ్రాందీ బదులు ఊళ్లో పండ్లతో కాచిన సారా వాడాడని అక్కడ చెప్పుకుంటారు. దొర మెచ్చుకుని ఇంకా చేయమన్నాడట. అక్కడ క్రిస్మస్ కేకు మొదటి రోజునుంచే స్థానిక సరుకుతో తయారైందన్నమాట. హైదరాబాద్ మాత్రం తక్కువ తిన్నదా? దేశవిభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్‌ను ఈరోజు ఊరికెళ్లే ప్రతివాడూ హైదరాబాద్ గుర్తుగా సంచిలో పెట్టుకుంటున్నాడు.

మసాలా సంగతికొస్తే, అమెరికాలో మెకార్మిక్ కంపెనీ 1934లో గుమ్మడి పై కోసమని తయారు చేసిన మసాలా డబ్బాకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో మనవాళ్లు వందల రూపాయలు పోస్తున్నారు. ఆ తరహా డబ్బాలో ఉండేది ప్రధానంగా దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. నాలుగూ మన కిరాణా కొట్టులో చిటికెల్లో పొట్లం కట్టిస్తారు. పైగా పొడి చేసిన క్షణం నుంచీ సువాసన ఎగిరిపోతూనే ఉంటుంది, సముద్రం దాటి వచ్చిన పొడిలో మిగిలేది ఎంత? మిక్సీలో చెంచాడు చక్కెరతో పాటు వేలెడంత దాల్చినచెక్క, రెండు లవంగాలు, నాలుగు యాలకులు తిప్పి, అర చెంచా శొంఠి పొడి, జాజికాయ నాలుగు రుద్దులు కలిపితే చాలు. మన కొట్లలో దొరికే మందపాటి చెక్క ఎక్కువగా వియత్నాం, ఇండోనేషియా వైపు నుంచి వచ్చే కాసియా రకం. శ్రీలంక చెక్కంత సుతారంగా ఉండదు, ఘాటెక్కువ. బెల్లం పక్కన ఆ ఘాటే నిలుస్తుంది. యాలకులు ఆ డబ్బాలో లేవు, మనం వేసుకోవచ్చు. నా మటుకు నాకు వాటితోపాటు రెండు మిరియాలు కూడా పడాల్సిందే.

గుమ్మడికాయ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. సరూర్‌నగర్, వనస్థలిపురం రైతు బజార్లలో తీపి గుమ్మడిని కోసి ముక్కల లెక్కన అమ్ముతారు, సంక్రాంతి ముందు మరీ పుష్కలం. గుమ్మానికి వేలాడదీసే బూడిద గుమ్మడి మాత్రం దీనికి పనికిరాదు, అందులో నీళ్లే ఎక్కువ. తీపి గుమ్మడి ముక్కను నీళ్లలో ఉడికించకుండా ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, పలుచటి గుడ్డలో కాసేపు వడగట్టాలి. నీరు తీయని గుజ్జుతో చేస్తే లోపల పచ్చిగా, ముద్దగా ఉండిపోతుంది. పిండి సగం మైదా, సగం మరలో పట్టించిన గోధుమపిండి అయితే సరిగా వస్తుంది. మర రాళ్ల మధ్య నలిగిన పిండి, అందులోని తవుడు నీటిని ఎక్కువ పీలుస్తాయి కనుక రెండు చెంచాల పెరుగు అదనంగా పోయాలి. జొన్నపిండితో చేయొచ్చా అని అడుగుతున్నారు. జొన్నలో గ్లూటెన్ ఉండదు, పావు వంతు వరకు కలుపుకోవచ్చు, అంతకుమించితే పొడిపొడిగా రాలుతుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక ప్రతి కేకులోనూ చిరుధాన్యం దట్టించే ఉత్సాహం పెరిగింది. జొన్న రొట్టె గొప్పగా ఉంటుందంటే అది రొట్టెగా ఉన్నందుకే.

ఇక పులుపు. అన్నిటికంటే ఈ ప్రాంతానికి దగ్గరి సంగతి ఇదే. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ నడుమ కొత్తపేటలో 1986 నుంచి 22 ఎకరాల్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నడిచింది. వేసవిలో మామిడి, మిగతా కాలంలో నల్లగొండ వైపు నుంచి దిగే బత్తాయి. 2021 సెప్టెంబరులో దాన్ని మూశారు. హైకోర్టు దాకా వెళ్లిన వివాదం తర్వాత వ్యాపారం ఊరవతల బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. బత్తాయిలు అమ్మిన చోటుకే ఆసుపత్రి రావడంలో ఒక పొంతన ఉందిలెండి. తెలుగువాళ్లకు బత్తాయి అంటే జ్వరం వచ్చినవాడి పండు, పలకరింపుకు వెళ్లేవాడి సంచిలో పండు. ఆసుపత్రుల ముందు బండ్ల మీద పేర్చినవి చూస్తే తెలుస్తుంది. లేదంటే జ్యూస్ బండి. పండును రోగికీ గ్లాసుకూ తప్ప ఇంకే వంటకూ మనం వాడలేదు. నిమ్మకాయకు పులిహోర, పచ్చడి, పప్పు. దబ్బకాయకూ నారింజకూ పులిహోరలో చోటుంది. రాష్ట్రంలో ఇంతగా పండే బత్తాయికి మాత్రం వంటింట్లో స్థానం లేదు. జ్యూస్ బండి పక్కన గంపలో గుట్టగా పడి ఉండే తొక్కలు చూడండి. పండులోని పరిమళమంతా ఉండేది ఆ తొక్క పైపొరలోనే.

మనం బత్తాయి అనేది ఎక్కువగా సాత్‌గుడి రకం, నారింజ జాతిలో తీపి పండు. రాత్రి చలి తగలని మన వాతావరణంలో పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, ఆ పచ్చదనం చూసి పచ్చికాయ అనుకోకూడదు. ఈ పండు రసంలో పులుపు బాగా తక్కువ. ఒక్క బత్తాయి రసంతోనే ఐసింగ్ కలిపితే తీపి మీద తీపి పూసినట్టు చప్పగా ఉంటుంది. పైగా పిండి ఉంచిన రసం కాసేపటికి చేదెక్కుతుంది. రసంలో ఉండే ఒక పదార్థం ఆ పులుపులో నెమ్మదిగా లిమోనిన్ అనే చేదుగా మారడం దీనికి కారణం. జ్యూస్ బండివాళ్లు వెంటనే తాగేయమనేది ఊరికే కాదు. కాబట్టి పని పంచాలి. పులుపు నిమ్మరసంది, పరిమళం బత్తాయి తొక్కది. పండును గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి, తుడిచి, తురుముపీట సన్న కన్నుల మీద పైపొరను మాత్రమే తురమాలి. తెల్ల పొర తగిలితే చేదు. ఆ తురుమును పొడి చక్కెరలో వేసి వేళ్లతో నలిపితే తొక్కలోని నూనె చక్కెరకు పడుతుంది, చక్కెర లేత పసుపుకు తిరిగి, గదంతా వాసన వేస్తుంది. 60 గ్రాముల చక్కెరకు ఒక పెద్ద చెంచా నిమ్మరసం మించకూడదు, చుక్కలు చుక్కలుగా పోయాలి. చెంచా నుంచి జారిన తీగ గిన్నెలో పడి పది లెక్కపెట్టేలోగా కలిసిపోతే అది సరైన పదును. తీగపాకం, ముదురుపాకం చూపు మీద పోల్చగల చేతులకు ఇది నేర్పాల్సిన విద్య కాదు. కేకు పూర్తిగా చల్లారాకే పోయాలి. వేడి మీద పోస్తే కరిగి లోపలికి ఇంకిపోతుంది.

ఐసింగ్ అవసరమా, వట్టి కేకు చాలదా అని అడగొచ్చు. చాలదు. బెల్లం, దాల్చినచెక్క, గుమ్మడి మూడూ బరువైన రుచులు. పాకం గారెలనూ బెల్లం గవ్వలనూ ఒకటి రెండు తినగానే చాలనిపించడానికి కారణం అదే. నాలుకను తేలిక చేసే పులుపు ఒకటి పక్కన ఉండాలి. ఎండాకాలం నిమ్మకాయ ధర ఆకాశాన్నంటినా ఇందులో పడేది ఒకటో రెండో కాయలు.

ఆరోగ్యం మాట ఎత్తకుండా ఈ రోజుల్లో ఏ వంటనూ పొగడనివ్వరు. బెల్లం వేశాం, గోధుమపిండి వేశాం, కాబట్టి ఇది ఆరోగ్యకరమైన కేకు అని ఇంటి బేకర్లు కొందరు అమ్ముతున్నారు. ఆ మాట నేను అనను. బెల్లమూ చక్కెరే, కొద్దిగా ఖనిజాలున్న చక్కెర. పై కొలతలతో చేసిన కేకును పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో బెల్లం, ఐసింగ్ కలిపి 20 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. బయటి నుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఒక్క ముక్కతో రోజు వాటా దాదాపు అయిపోతుంది. కూల్ కేకు కంటే ఇది మేలని చెప్పేటప్పుడు కూడా పాత భయాలు వాడుకోవడం న్యాయం కాదు. డాల్డా రోజుల నాటి ట్రాన్స్ ఫ్యాట్ భయం అప్పట్లో నిజమే, 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. అయినా మామూలు కూల్ కేకు మీద ఉండేది చాలా చోట్ల పాల మీగడ కాదు, గట్టిపరిచిన పామ్ కెర్నెల్ నూనె, చక్కెర, నీళ్లు కలిపి చిలికిన నురగ. ఇంటి కేకులో ఏం పడిందో చేసినవాళ్లకు తెలుసు, ఎంత పడిందో కూడా తెలుసు. దీనికి ఉన్న ఆధిక్యం అంతవరకే, అది చిన్నదేమీ కాదు. మధుమేహం ఉన్నవాళ్లున్న ఇంట్లో ముక్క సన్నగా కోయడానికి ఆ లెక్క పనికొస్తుంది.

ఖర్చు లెక్కా చూద్దాం. ఓటీజీలు ఎక్కువగా 1,200 నుంచి 2,000 వాట్ల మధ్య ఉంటాయి. వేడి చేరాక థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి చిన్న ఓటీజీలో వేడెక్కించడం, యాభై నిమిషాలు కాల్చడం కలిపినా ఒకటిన్నర యూనిట్ దాటదు. పెద్ద స్లాబులో ఉన్న ఇంటికి కూడా పదిహేను రూపాయల లోపే. ఓటీజీ లేనివాళ్లు కుక్కర్ మూతకు వెయిటు, రబ్బరు తీసేసి, అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నమంట మీద కాల్చుకోవచ్చు. కుక్కర్‌లో పై నుంచి వేడి తగలదు, అందుకే పైభాగం ఎర్రబడకుండా పాలిపోయి వస్తుంది. కూల్ కేకు కుక్కర్‌లో చేయలేం అని కాదు గానీ, ఈ కేకుకైతే ఆ పాలిపోయిన నెత్తి మీద ఐసింగ్ పడుతుంది, లోపం ఎవరికీ కనబడదు.

అసలు బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇంటి వంట గొప్పదని పత్రికల్లో రాసిన ప్రతిసారీ ఆ బరువు మోసేది ఆడవాళ్లే. ఉద్యోగం చేసి మెట్రోలో నిలబడి వచ్చిన మనిషిని ఆదివారం కూడా ఓవెన్ ముందు నిలబెట్టడానికి ఇదొక కొత్త సాకు కాదా? ఈ ప్రశ్నను దాటేయలేం. అరిసెలకు బియ్యం నానబెట్టాలి, తడిపిండి కొట్టించాలి, పాకం పట్టాలి, నూనె పొయ్యి దగ్గర ఒకరు, ఒత్తడానికి ఇంకొకరు కావాలి. మూడు పొరల క్రీమ్ కేకుకు సగం రోజు పోతుంది, గిన్నెలు బోలెడన్ని. ఈ లోఫ్ కేకు నా వాదనకు సరిపడేది ఇక్కడే. ఒక గిన్నె, ఒక గరిటె, చేతిపని పావుగంట, గుమ్మడి బదులు మగ్గిన అరటిపండు అయితే ఇంకా తక్కువ. తక్కువ తిప్పడమే రహస్యమైన వంటను వంట రానివాళ్లకు అప్పజెప్పడం అన్నివిధాలా క్షేమం. పన్నెండేళ్ల పిల్లవాడు తూకం వేసి కలపగలడు. తండ్రులూ కలపగలరు. వారంలో ఒక్కరోజు వంటింట్లో చేయి పెట్టి, ఇల్లంతా గిన్నెలు పరిచి, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే మగవాళ్లకు ఒక్క గిన్నె చాలిన వంట నేర్పడం సంఘసేవ. తరువాత గిన్నె కడగడం కూడా వంటలో భాగమేనని వాళ్లకు చెప్పాలి మరి.

ఇళ్లలోంచి కేకులు అమ్ముకునే ఆడవాళ్లు ఈ కాలనీల్లో చాలామంది ఉన్నారు. లోఫ్ కేకుకు ఫొటోలో అందం ఉండదు, గిరాకీ రాదు అని వాళ్లు అనవచ్చు, అది నిజం. ఫొటో చూసి ఆర్డరిచ్చే కాలంలో గోధుమరంగు ఇటుకను ఎవరు కొంటారు? కానీ బేకరీతో బేకరీ ఆట ఆడి ఎంతమంది నిలబడ్డారన్నదీ చూడాలి. క్రీమ్ కేకుకు ఫ్రిజ్ కావాలి, డెలివరీ కుర్రాడు ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఎండలో ఆగితే అది వాలిపోతుంది. లోఫ్ కేకు స్కూటర్ మీద వనస్థలిపురం దాకా చెక్కుచెదరకుండా పోతుంది. చలికాలంలో ఫ్రిజ్ లేకుండా మూడు రోజులు ఆగుతుంది. మే నెలలో మాత్రం గుమ్మడి తడికి రెండో రోజే బూజు పట్టవచ్చు, అమ్మేవాళ్లు ఆ మాట డబ్బా మీదే రాయాలి. ఇంటి నుంచి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదన్న సంగతి ఎలాగూ ఉంది. బేకింగ్ తరగతులు నడిపేవాళ్లు కూడా మొదటి రోజు ఫాండెంట్ గులాబీలతో మొదలుపెట్టకుండా సోడా, పెరుగుల లెక్కతో మొదలుపెడితే ఫీజు కట్టినవాళ్లు ప్రీమిక్స్ ప్యాకెట్టు మీద ఆధారపడరు.

పిల్లల పుట్టినరోజుల సంగతేమిటంటారా? పేరు రాసిన కేకు, మీద కార్టూన్ బొమ్మ, ముఖానికి పూసుకోవడానికి క్రీమ్ కావాలంటే బేకరీ నుంచే తెచ్చుకోండి. గుమ్మడి కేకు ముఖానికి పూయడానికి పనికిరాదు. అది మిగతా ఆదివారాల కోసం, సాయంత్రం టీకి. చేసిన రోజుకంటే మర్నాడు మసాలా బాగా పట్టి ఇంకా రుచిగా ఉంటుంది కాబట్టి శనివారం రాత్రి కాల్చి, ఐసింగ్ మాత్రం ఆదివారం పొద్దున పోస్తే మంచిది.